ఈ రంగునేమంటారమ్మా?

మొన్న మా సావుకారు కోడలు కొత్త డిజిటల్ కెమెరా కొనుక్కొచ్చి, పెట్టె నా ముందర పెట్టి, "అక్కా, పన్నెండు మెగాపిక్సెళ్లంట. సాలవా?" అంది. నేను చీరలు మడతేస్తూ తలెత్తకుండానే, "ఇంగా కావాలా, పప్పులో కలుపుకుంటావా?" అనేశాను. పాపం, ఆ పిల్ల మొహం మాడిపోయింది. నాకూ సిగ్గేసింది. ధర్మవరం పట్టుచీరల అంగట్లో పదేళ్లుగా జీతం తీసుకుంటున్నదాన్ని, యజమాని ఇంటి కోడలితో అట్లా మాట్లాడొచ్చా?

కానీ ఆ మాట నాది కాదు, ఫోటో మామది. ఆయన పోయి ఏడాది దాటింది. అయినా ఎవరు కెమెరా పెట్టె విప్పినా నా నోట్లోంచి ఆయనే మాట్లాడతాడు. ఇంకేం చేస్తాను, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆయన చెప్పినవన్నీ చెప్పుకొచ్చాను. సగం సలహాలు, సగం తిట్లు. ఆయన దగ్గర రెండూ విడివిడిగా దొరికేవి కావు.

ఆయనకి పేరు లేక కాదు. రేషన్ కార్డు మీద ఉండే ఉంటుంది. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఆ పేరుతో పిలిచినవాళ్లని మాత్రం నేను చూడలేదు. పిల్లలకి మామ, వాళ్ల తల్లులకి మామ, రైల్లో టికెట్లు చూసే ఆయనకీ మామే. సాయిబుల ఇంట పుట్టి, ఊళ్లో ప్రతి కులంలోనూ మేనకోడళ్లని సంపాదించుకున్నాడు. అందులో నేనొకదాన్ని, అదీ బాగా నోరున్నదాన్ని.

నేను మొదట చూసింది హిందూపురంలో. ఇంటర్ పరీక్షలకి హాల్‌టికెట్ ఫోటో కావాలి. అప్పుడాయనకి అక్కడ చిన్న స్టూడియో ఉండేది. మొహం నిండా మొటిమలు, ఫోటో అంటేనే నాకు ఏడుపు. స్టూలు మీద మూతి ముడుచుకుని కూర్చున్నాను. నవ్వమ్మా అనలేదు. గడ్డం పైకెత్తు అనలేదు. నా ఓణీ వైపు చూసి, ఏదో పెద్ద సందేహం వచ్చినవాడిలాగా, "అమ్మణ్ణీ, ఈ రంగునేమంటారమ్మా మీ ఇంట్లో?" అన్నాడు.

"ఉల్లిపొర," అన్నాను.

"ఉల్లిపొరా? నేను బెల్లమనుకుంటి!"

బెల్లమట! ఉల్లిపొరకీ బెల్లానికీ తేడా తెలియని మనిషి ఫోటోగ్రాఫరట! నవ్వు ఆగలేదు. టక్కుమని నొక్కాడు. తీసేది నలుపు తెలుపు ఫోటో, రంగుతో పనేముందని బయటికొచ్చాక గానీ నాకు తట్టలేదు. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

అది ఆయన ఎత్తుగడ అని అందరమూ అనుకునేవాళ్లం. ఏ ఆడమనిషి ఎదురుగా కూర్చున్నా అదే ప్రశ్న. చీర రంగు తెలియని మగవాణ్ణి చూస్తే ఏ ఊరి ఆడవాళ్లకైనా నవ్వొస్తుంది. నేర్పించాలని కూడా అనిపిస్తుంది. నవ్వుతూ నేర్పించే మొహం ఫోటోలో బాగుంటుంది. గుంపు ఫోటోలకి ఇంకో ఎత్తు. అందరినీ నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి, ఒకటి నొక్కి, "ఆ, అయిపాయ, పోండి" అనేవాడు. హమ్మయ్య అని అందరూ భుజాలు దించి పక్కవాళ్ల వైపు తిరిగేవాళ్లు. అప్పుడు నొక్కేవాడు అసలుది.

డిగ్రీ అయ్యాక ధర్మవరంలో ఈ ఉద్యోగం దొరికింది. చీరల ఫోటోలు తీయించడం, వాటిని బెంగుళూరు అంగళ్లకి పంపించడం, వాళ్లు కావాలన్న చీరలు పార్సిలు కట్టించి పంపడం నా పని. మా ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. చేరిన వారంలోనే, గురువారం పొద్దున, మెట్లెక్కి వస్తున్న ఫోటోగ్రాఫరు ఎవరా అని చూస్తే ఫోటో మామ! హిందూపురంలో బాడుగ కట్టలేక స్టూడియోని పెనుకొండలో సొంతింటి ముందు గదిలోకి మార్చుకున్నాడట. వారం వారం ప్యాసింజరు ఎక్కి మా అంగడికి వస్తున్నాడట. నన్ను చూసి, "ఉల్లిపొర!" అన్నాడు. మొహాలు మరిచిపోడు మహానుభావుడు.

సన్నగా, పొడుగ్గా, గడప ఎంత ఎత్తున్నా తల వంచి లోపలికొచ్చే మనిషి. చొక్కాకి నాలుగు జేబులు కుట్టించుకునేవాడు. ఒకదాంట్లో వాడిన రీళ్లు, ఒకదాంట్లో వాడనివి, ఒకదాంట్లో సెల్లులు, ఒకదాంట్లో లెన్సు తుడిచే గుడ్డ. డిజిటల్ వచ్చి రీళ్లు పోయాక ఖాళీ అయిన జేబుల్లో వేయించిన శెనక్కాయలు చేరాయి. కెమెరా దగ్గర శెనక్కాయలు తింటే దుమ్ము పడదా మామా అంటే, "పొట్టు నోట్లోనే పెట్టుకుంటా లే" అనేవాడు.

మేడమీద కిటికీ గది ఆయనకిచ్చారు. సావుకారు మోజుపడి కొన్న పెద్ద లైట్లు రెండు అక్కడ ఉండేవి. మామ వాటికి దుప్పటి కప్పేశాడు. చీరని కిటికీ పక్కగా వేలాడదీసి, అవతలి వైపు తెల్లటి దుప్పటి కట్టేవాడు. "చూడమ్మణ్ణీ, కిటికీ నుంచి వచ్చే వెలుతురు ఒక పక్కే పడతాది. ఈ దుప్పటి దాన్ని తిరగ్గొట్టి రెండో పక్కకి పంపిస్తాది. జరీ మీద ఫ్లాషు కొడితే చీర సచ్చిపోతాది. పక్కనుంచి వెలుతురు రానీ, జరీ తనంతట తానే లేస్తాది." నిజమే. ఫ్లాషుతో తీసిన చీర రేకు డబ్బాలాగా ఉండేది. మామ తీసిన చీర ముట్టుకుంటే చేతికి తగులుతుందేమో అనిపించేది.

డిజిటల్ కెమెరా ఆయన ఇష్టపడి కొనలేదు, మా సావుకారు కొనమంటే కొన్నాడు. ఉత్తరాలూ ఆల్బములూ ఎవరు పంపుతారయ్యా, సీడీలో వేసి పంపమని బెంగుళూరు వాళ్లు అడిగారు. కొన్న నెలకి ఊళ్లో అందరికంటే ఎక్కువ ఈయనకే తెలిసింది. అంగట్లోకి కెమెరా పట్టుకుని ఎవరొచ్చినా ఆపి పాఠం చెప్పేవాడు. డిజిటల్ జూమ్ అనేది ఉంటే మొదట మెనూలోకి పోయి దాన్ని ఆపెయ్యమనేవాడు. "అది దగ్గరికి తేదప్పా, ఉండేదాన్నే సాగదీస్తాది. కాళ్లు లేవా నీకు? రెండడుగులు ముందుకి పో." మామూలు సెల్లులు వేస్తే పెళ్లిలో తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి కెమెరా కళ్లు మూస్తుందని, ఛార్జింగు సెల్లులే కొనమనేవాడు, అవీ రెండు జతలు. మెగాపిక్సెళ్లు ఎక్కువున్న కెమెరా చూపిస్తే, "నీ ఇంట్లో గోడెంత? ఫోటో ఎంత కట్టిస్తావు? చేతంత ఫోటోకి చెరువంత కెమెరా ఏమిటికి? ఆ దుడ్లతో మంచి స్టాండు కొనుక్కో" అని పంపించేసేవాడు. గాలికి స్టాండు ఊగకుండా తన అన్నం సంచి దాని నడుముకి వేలాడదీసేవాడు. అత్త కట్టిచ్చిన సద్ది ఎంత బరువుంటే ఫోటో అంత నిలకడ అనేవాడు.

లెన్సుని చొక్కా అంచుతో తుడిచేవాణ్ణి చూస్తే మాత్రం ఆయనకి ఒళ్లు మండేది. "నీ కంటిని గోనెసంచితో తుడుచుకుంటావా?" అని అరిచేవాడు. మందుల అంగట్లో దొరికే, చెవిలోకి నీళ్లు కొట్టే రబ్బరు బుడ్డి తెచ్చుకుని, దాంతో ముందు దుమ్ము ఊదేసి, తర్వాతే మెత్తటి గుడ్డ ముట్టించాలి. ఫోటోలు సీడీలో రెండు కాపీలు వేయమనేవాడు. "ఒకటి నీ ఇంట్లో, ఒకటి అల్లుడింట్లో. ఇల్లు కాలినా, అల్లుడు అలిగినా ఒకటి మిగుల్తాది."

ఈ జ్ఞానమంతా ఊరికే రాలేదు. హిందూపురంలో ఒక పెళ్లిలో, తీసిన ఫోటో కెమెరా వెనకాల అద్దంలో అప్పటికప్పుడే కనబడుతుందని తెలిసి చుట్టాలంతా మీద పడ్డారు. అడిగితే లేదనలేని మనిషి, కెమెరా ఇచ్చేశాడు. అది తాంబూలం పళ్లెంలాగా పందిరంతా తిరిగింది. చివరికి పెళ్లికొడుకు పెదనాయన చేతికొచ్చింది. ఆయనేదో నొక్కాడు. అన్నీ చెరిపేయమంటావా అని అది ఇంగ్లీషులో అడిగింది. పెద్దాయన మర్యాదస్తుడు. ఏదో అడుగుతోంది, కాదనడం బాగుండదని ఓకే నొక్కాడు! మామ తల పట్టుకోలేదు. అందరూ బువ్వంబంతి భోజనాల దగ్గరున్నారు, ఎవరి బట్టలూ మారలేదు. మళ్లీ అందరినీ వరసగా పీటల మీదికి పిలిచి, తాళి తప్ప అన్నీ మళ్లీ చేయించాడు. తాళి మాత్రం రెండోసారి కట్టకూడదని ముసలమ్మలు అడ్డుపడ్డారు. అందుకని కట్టిన తాళిని పెళ్లికొడుకు సర్దుతున్నట్టు తీశాడు. ఆ ఫోటో అసలుదానికంటే బాగుంటుందని పెళ్లికూతురే చెప్పింది. అప్పట్నుంచీ కెమెరా తాడు మణికట్టుకి రెండు ముళ్లు వేసుకునేవాడు.

ఇంత జాగ్రత్త మనిషి వల్ల నా ఉద్యోగం పోయేదాకా వచ్చింది.

మొదటి రెండు సీడీలూ బాగా వెళ్లాయి. బెంగుళూరు వాళ్లు మెచ్చుకున్నారు. మూడో సీడీ మామ ఎవరి చేతనో రైల్లో పంపాడు. అదే పూట పార్సిలు పోవాలి. ఆయన పనిలో ఎప్పుడూ వంక లేదు కదా అని నేను తెరిచి చూడకుండా కాపీలు చేసి పంపించేశాను. వాళ్లు చూసి ఏరుకున్నారు, మేము చీరలు పంపించాం. పదిరోజులకి పార్సిలు పార్సిలంతా వెనక్కి వచ్చింది. మీరు చూపించిన రంగులు వేరు, పంపిన రంగులు వేరు, ఇది మోసం అని ఉత్తరం. అప్పుడు తెరిచాను సీడీ. అరిటాకు పచ్చ చీర ఎండుటాకులాగా ఉంది. రాణిరంగు అంచు నేరేడుపండులాగా ఉంది. వెలుతురుకి మాత్రం వంక లేదు, నేతలో పోగు పోగూ కనబడుతోంది. రంగు ఒక్కటే తప్పు, అది కూడా ప్రతి చీరకీ.

సావుకారు కేకలకి కింద తూకం వేసే మనిషి కూడా పైకొచ్చాడు. "ఇరవై ఏండ్ల పేరు! మోసగాణ్ణంట నేను! మీ ఇద్దర్లో ఎవురు చేసినారో సోమవారానికి తేల్చు. చేసినోళ్లు ఇంగ ఈ మెట్లెక్కగూడదు."

ఆదివారం పొద్దున్నే ఆ పచ్చచీర సంచిలో పెట్టుకుని పెనుకొండ వెళ్లాను. రైల్లో కూర్చుని ఏమేం తిట్టాలో వరస పెట్టుకున్నాను. మామ ఒక్కడే ఉన్నాడు. అత్త రెండు నెలలుగా తనకల్లులో ఉందట, కూతురి రెండో కాన్పుకి. పొయ్యి మీద అన్నం మాడు వాసన. నేను సంచి తీసి చీర బల్ల మీద పడేసి, "ఇదేం రంగు మామా?" అన్నాను.

నవ్వాడు. "మీ అంగట్లో ఏమంటారో నువ్వే చెప్పల్ల."

"నేను చెప్పను. నువ్వు చెప్పు."

చీర తీసుకుని కిటికీ దగ్గరికి పోయాడు. మడత విప్పి, వెలుతురుకి అటూ ఇటూ తిప్పాడు. "జరీ మంచిది. పోగు సన్నం. ఈడ ఒక చోట నేత కొంచెం వదులైంది, చూడు." నేను గంట చూసినా కనబడని తప్పు అది.

"రంగు చెప్పు మామా."

చీర అంచు కంటి దాకా తెచ్చుకుని చూశాడు. తర్వాత, పరీక్షలో పిల్లవాడు గుడ్డిగా ఒకటి రాసేసినట్టు, "ఇటుక రంగు," అన్నాడు.

నేను వరస పెట్టుకున్న తిట్లలో ఒక్కటీ పనికిరాలేదు. అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఆయన కింద కూర్చున్నాడు. ఎరుపూ పచ్చా ఆయనకి ఒక్కటే. పుట్టినప్పటి నుంచీ అంతే. చిన్నప్పుడు రైల్వే ఉద్యోగానికి పోతే రంగుల చుక్కల పుస్తకం చూపించి వెనక్కి పంపేశారట. ఆ బాధతో తిరుగుతుంటే ఎవరో పాత కెమెరా అమ్ముతున్నారు. "నలుపూ తెలుపూ. నాకోసరమే చేసినారనుకుంటి," అన్నాడు. ఆ రోజుల్లో ఫోటోలకి చేత్తో రంగులు అద్దేవాళ్లు కదా, సీసాలు అందించింది అత్తే. రంగు రీళ్లు వచ్చాక ఆ బాధ ల్యాబు వాళ్లు పడ్డారు. ఆడవాళ్లని రంగు పేరు అడిగేది ఎత్తుగడ కాదు. నిజంగానే తెలియక అడిగేవాడు. అడిగినవి ఇంటికొచ్చి చెబితే అత్త ఒక నోటుపుస్తకంలో రాసేది. ఇప్పుడీ కంప్యూటరు వచ్చి, రంగులు సర్దే పని తిన్నగా ఆయన ఒళ్లో పడేసింది. మొదటి రెండు సీడీలకీ పక్కన అత్త కూర్చుంది.

"తీసినప్పుడు బాగనే ఉన్నింటాయి అమ్మణ్ణీ. ఇంకొంచెం బాగుంటాయేమోనని కంప్యూటర్లో రంగులు పెంచే గీత జరిపినా. అదెంత జరిగిందో నాకేం తెలుసు? సాలు అని చెప్పేదానికి మీ అత్త లేకపోయె."

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది, అదీ దాచుకోలేదు.

"సావుకారుకి ఏం చెప్తావు?" అన్నాడు. బతిమాలలేదు. "ఇది బయట పడితే పెండ్లికి పిల్చేదెవురు? రంగులు తెలీనోడికి పెండ్లికూతుర్ని చూపించేదెవురు?"

సోమవారం సావుకారుతో, కంప్యూటర్లో కాపీ చేసేటప్పుడు నేనే ఏదో నొక్కాను, రంగులు మారిపోయాయి అని చెప్పాను. ఆయనకి కంప్యూటరు గురించి తెలియదు కాబట్టి నమ్మాడు. నెలాఖరు దాకా లెక్కలు అప్పజెప్పి, జీతం తీసుకుని ఇంక రావొద్దన్నాడు. మెట్లు దిగేటప్పుడు నాకేం గొప్పగా అనిపించలేదు. ఇంట్లో ఏం చెప్పాలా అని దారంతా లెక్కలేసుకున్నాను. ఇంత పని చేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా.

గురువారం మామ వచ్చాడు. కింద తూకం మనిషి, "ఆ పాప మానుకుంటాండాదంట గదా" అన్నాడు. మామ పైకి రాకుండా అక్కడే తిరిగి, నేరుగా సావుకారు కూర్చున్న పరుపు దగ్గరికి పోయాడు. నేను మెట్ల మీద ఉన్నాను. తాడిమర్రి నుంచి పెళ్లి చీరలకి వచ్చిన ఆడవాళ్లు పదిమంది చాప మీద కూర్చున్నారు. మామా, మామా అని నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. చూస్తే కదా!

"సావుకారూ, ఆ పాప అబద్దం చెప్పింది. తప్పు నాది. నాకు ఎరుపూ పచ్చా తెలీవు."

సావుకారు నవ్వాడు. మామ నవ్వలేదు. అది చూసి సావుకారు కూడా ఆపేశాడు.

"తెలీవంటే?"

"తెలీవు. పుట్టినప్పట్నుంచీ. ఇంగ నన్ను పిలవొద్దు, సరే. ఆ పాపని మాత్రం పంపొద్దు."

"మరి ఇన్నేండ్లు ఎట్ల తీసినావయ్యా?"

"వెలుతురు చూసి తీసినా. రంగు మా ఇంట్లో ఆమె చెప్పింది."

అప్పుడు తాడిమర్రి వాళ్లలో ఒక ముసలావిడ, వక్క దవడకి పెట్టుకుని, "అయ్యో, దానికేమప్పా? మా పెద్దోడూ అంతే. పండు మిరక్కాయా తెలీదు, పచ్చి మిరక్కాయా తెలీదు. తోటలోకి పంపితే అన్నీ కోసుకోనొస్తాడు. పెండ్లాం పక్కన నిలబడి ఇది కోయి, అది వద్దు అంటాంటాది. మిరప పంట బాగనే పండుతాండాది" అంది.

చాప మీద ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. నవ్వు ఆపుకోలేక సావుకారు కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వింది మామని చూసి కాదు. అది ఆయనకీ అర్థమైంది. నిలబడినవాడు నిలబడినట్టే చాప అంచున కూర్చుండిపోయాడు.

"ఆమెను పిల్చుకోని వచ్చేదానికి నీకేమైందయ్యా ఇన్నేండ్లూ?" అన్నాడు సావుకారు, కోపమో ప్రేమో తెలియకుండా. "తనకల్లు నుంచి రాగానే పిల్చుకోని రా. ఆమె కూలి ఆమెకిస్తా. ఏయ్ పాపా, మెట్ల మీద ఏం చేస్తాండావు? ఇంగోసారి తెరిచి చూడకుండా పంపితే మాత్రం చెప్పులు కూడా వేసుకోనీయను, పంపించేస్తా."

నెల తిరిగాక అత్త వచ్చింది. నల్ల బురఖా మడిచి పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, అలమర ముందు నిలబడింది. చీరలకి మేము రాసి అంటించిన పేర్లు ఒక్కొక్కటే చదివింది. సావుకారు ముచ్చటగా చూస్తున్నాడు. అత్త ఒక చీర లాగి, "మావిచిగురని రాసినారు. ఇది మావిచిగురు గాదు. చిగురు ముదిరి వారమైంది" అంది. పక్కదానికి పోయింది. ఆ పూట పద్నాలుగు పేర్లు కొట్టేసింది. సావుకారు మొహం చూడాలి! మామ నా చెవిలో, "నువ్వు ఒక్క పూటకే బెదిరిపోతాండావు. నేను ఇంట్లో దినామూ పడతాండా" అన్నాడు. ఆయన మొహంలో అంత తేలిక నేను అంతకుముందు చూడలేదు.

మామకి రంగులు తెలియవన్న సంగతి ఆ గురువారం సాయంత్రానికే ధర్మవరంలో మగ్గం మగ్గానికీ పాకింది. పెనుకొండకి తెల్లారేసరికి చేరింది. హిందూపురం చేరడానికి రెండు రోజులు పట్టింది. అక్కడి పెళ్లిళ్లు పోతాయనే ఆయన భయం. ఒక రిటైర్డు మాస్టారి కూతురి పెళ్లి ముందే ఒప్పుకుని ఉన్నాడు. ఆ మాస్టారు ఒక ఆదివారం పెనుకొండ వచ్చాడు. అత్త బిరియానీకి పిలిస్తే నేనూ అక్కడే ఉన్నాను. వస్తూనే ఆయన కుర్చీలో కూర్చున్నాడు. టీ తాగాడు. ఎండల గురించి మాట్లాడాడు, రైలు ఆలస్యం గురించి మాట్లాడాడు. మామ మొహం చూస్తూ ఉంటే నాకు ప్రాణం పోతోంది. చెప్పి పోరాదా ఈ మనిషి, వద్దని! చివరికి మామే, "సారూ, మీరేమీ మొగమాటపడొద్దు. వేరేవాళ్లని చూసుకున్నా నేనేమనుకోను" అన్నాడు.

మాస్టారు ఆ మాట విననట్టే సంచిలోంచి పెళ్లి పత్రికలు తీశాడు, మూలల్లో పసుపు పూసినవి. ఒకదాని మీద మామ పేరు ముందే రాసి ఉంది. దాన్ని ఆయన చేతికిచ్చాడు. ఇంకొకటి తొడ మీద పెట్టుకుని, కలం తెరిచి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త వైపు తిరిగాడు.

"అమ్మా, నీ పేరేం? ఎవుర్నడిగినా ఫోటో మామ భార్య అంటారే గానీ పేరు చెప్పేవాళ్లు లేరు."

అత్త కొంగు సర్దుకుంది. మామని చూసింది, నన్ను చూసింది. గొంతు సవరించుకుని చెప్పింది. మాస్టారు బడిలో రాసే దస్తూరితో, గుండ్రంగా రాశాడు. లేచి నిలబడి, రెండు చేతులతో ఆమెకిచ్చి, "మీరిద్దరూ ఒక రోజు ముందే రావల్ల" అని వెళ్లిపోయాడు.

అత్త పత్రికని చదివింది. లోపల ముహూర్తం చదవలేదు. పైన పేరే, రెండుసార్లు చదివింది. తర్వాత ఏదో మాడుతోందని వంటింట్లోకి పోయింది. ఏమీ మాడలేదు, నాకు తెలుసు.

మామ అత్త పేరున్న ఆ పత్రికని చేతిలో పట్టుకుని కొంచెంసేపు తిరిగాడు. స్టూడియోకి వీధి వైపు ఒక అద్దాల బీరువా ఉండేది, తను తీసిన వాటిలో మంచి పెళ్లిఫోటోలు అందులో వరసగా పెట్టేవాడు. తాళం తీసి, నడిమధ్య ఫోటో పక్కకి జరిపి, అక్కడ పత్రిక నిలబెట్టాడు, పేరు వీధిలోకి కనబడేటట్టు. నలుగురూ నవ్వుతారు, తీసేయమని అత్త లోపలి నుంచి కేకలేసింది. ఆ పెళ్లి అయింది, ఆల్బం ఇచ్చారు, పెళ్లికూతురికి బిడ్డ కూడా పుట్టింది. ఆయన పోయేదాకా ఆ పత్రిక అక్కడి నుంచి తీయలేదు.